రాయి పక్కన రాయి

వరద ఊరిని ముంచిన ఏటి నుంచి మా అక్క చిక్కుడుకాయ తినలేదు. చిక్కుడే కాదు, మామిడిపండు తినలేదు, ఇప్పపువ్వు నోట పెట్టలేదు. ఇంట్లో గుమ్మడికాయ కూర ఉడుకుతుంటే లేచి వాకిట్లోకి పోయి కూర్చుంటుంది. రేషన్ బియ్యం మాత్రం తింటుంది. అది ఎక్కడి పంటో, ఎన్నాళ్లు గోదాములో మూలిగిందో ఎవడికీ తెలియదు కాబట్టి కొత్త పంట కిందికి రాదని ఆమె నమ్మకం. ఆ అన్నంలో ఉప్పు, నల్లబడ్డ పాత చింతపండు పులుసు. అంతే ఆమె తిండి.

చదివేవాళ్లకు ఇది ముసలిదాని మొండితనంలా కనిపించవచ్చు. మా కోయవాళ్లలో కొత్తగా చేతికొచ్చిన పంట ఏదైనా ముందు పెద్దలకు పెట్టాలి. తర్వాతే మనిషి తినాలి. చలికాలంలో చిక్కుడుకు ఒక పండుగ, ఎండాకాలంలో మామిడికి ఒకటి. పెద్దలంటే గోడకు తగిలించిన ఫోటోలు కారు. ఊరి పక్కన మిట్ట మీద నిలబెట్టిన రాళ్లు. మనిషి పోయాక అతని పేరున ఒక రాయి తెచ్చి, అతని వాళ్ల రాళ్ల వరుసలో నిలబెడతాం. ఆడది పెళ్లయిన నాటి నుంచి మొగుని గట్టుకు చెందుతుంది. గట్టు అంటే మా వంశాల గుంపు. మా అక్క పుట్టింది నా గట్టులో, మెట్టింది వేరే గట్టులో. నా రాళ్లకు నేను పెట్టుకుని తినవచ్చు, ఆమెకు మాత్రం అవి పనికిరావు. ఆమె పెట్టాల్సిన రాయి గోదారి ఒడ్డున, ఆమె మొగునిది.

ఆ ఊరు ఇప్పుడు లేదు. వరదకు జనం గుట్ట ఎక్కారు, గుట్ట దిగేసరికి ఇళ్లు లేవు, ఆ తర్వాత కింద ఆనకట్ట పని ముదిరి నీళ్లు ఇంకా పైకొచ్చాయి. సర్కారు వాళ్లకు దూరంగా రోడ్డు పక్కన ఒకే తీరు గదులు కట్టించి కాలనీ అంది. కాలనీవాళ్లు కొత్తగా ఒక రాయి పాతుకుని, దానికే అందరూ పెట్టి తింటున్నారు. నేను తప్పు పట్టను. బతకాలి కదా. మా అక్క ఒప్పుకోలేదు. ఊరు కదిలేటప్పుడు పెద్దలకు చెప్పి, పిలిచి, వెంట తీసుకుపోవాలట. నీళ్లు తరుముతుంటే ఆ పిలుపు ఎవరు పిలిచారు? "ఆయన ఇంకా ఆడనే నిలవడి చూస్తున్నడు తమ్మీ" అంది. పిల్లలు లేరు. చండ్రుగొండ దగ్గర మా ఊరికి, నా ఇంటికి తెచ్చుకున్నాను. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని తిప్పింది ఆమే.

మొన్న వానాకాలం చివర ఆమె కాళ్లు వాచాయి. దవాఖానాకు తీసుకుపోతే డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, నన్ను పక్కకు పిలిచింది.

"పెద్దాయనా, ఒంట్ల రక్తం లేదు. ఆకుకూరలు, కాయగూరలు, పండ్లు పెట్టాలె. గిట్లనే ఉంటే ఎక్కువ రోజులు నిలవదు."

గోలీలిచ్చింది. అక్క ఒక గోలీ అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇది చెట్టుకు కాసేది కాదు గదా?" అని అడిగింది. కాదన్నాక మింగింది. వట్టి గోలీలతో మనిషి నిలుస్తాడా?

దవాఖానా నుంచి వస్తూ బస్టాండులో కూర్చున్నాం. ఎదురు గోడ మీద లాంచీ యాత్ర పోస్టరు. భద్రాచలంలో రాముల వారి దర్శనం, ఆ తర్వాత గోదావరిలో లాంచీ, గైడు, భోజనం. మా అక్కకు అక్షరం రాదు. నేనూ బడి మొహం చూసినవాణ్ని కాదు. తునికాకు కల్లంలో గుమాస్తా పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకున్నాను, తర్వాత పొట్లం కట్టిన కాగితం నుంచి లైబ్రరీలో చెదలు తిన్న పుస్తకం దాకా దొరికిందల్లా చదివాను. ఆ పోస్టరులో అక్షరాలన్నీ నేను చదివాను. అక్క బొమ్మ చూసింది.

"ఇది మా ఊరి గుట్టనే."

"గుట్టలన్నీ గట్లనే ఉంటయ్ అక్కా."

"నీ మొగం లెక్కనే అందరి మొగాలు ఉంటయా? గా పక్క వంగింది చూడు. దాని కిందనే మా మిట్ట. గీ లాంచీ మా రేవు ముంగట్నుంచే పోతది గదా తమ్మీ?"

బండిదారి నీళ్లలో పోయింది, అడవి దారి ఆమె కాళ్లతో నడిచేది కాదు. ఆ రాళ్ల దగ్గరికి చేరాలంటే మిగిలింది ఈ లాంచీ ఒక్కటే. తన సొంత మొగుని దగ్గరికి పోవడానికి మనిషి టికెట్ కొనాలి. ఆ మాట అనుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చిక్కుడు కాసేదాకా ఆగాం. మా కంచె మీది తీగవి కాదు, కాలనీలో ఆమె గట్టువాళ్ల పెరటి నుంచి కాయలు తెప్పించుకుంది. చీరచెంగు ముక్కలో మూట కట్టింది. భద్రాచలంలో గుడి కింద సందులో టికెట్లు అమ్మే కొట్టు ఉంటే అక్కడ ఆగి అడిగాను.

"బాబూ, ఒడ్డున మా రాళ్లున్నయ్. ఆ రాళ్ల కాడ ఆపుతరా?"

"రాళ్ల కాడనా? అవ్ తాతా, ఆగుతది. అందరూ ఆడనే దిగుతరు" అన్నాడు, ఫోనులోంచి తల ఎత్తకుండా.

మా అక్క ఆ కొట్టువాడికి రెండు చేతులెత్తి దండం పెట్టింది. వాడు చూడలేదు. అందరూ ఎందుకు దిగుతారని మేమిద్దరం ఒక్కసారి కూడా అనుకోలేదు. రాళ్ల దగ్గరికి మనిషి పోయేది పెద్దలకు పెట్టడానికే, ఇంకెందుకు పోతాడు? మా బుర్రలకు అంతకు మించి తోచలేదు.

వ్యానులో రేవు దాకా తీసుకుపోయి లాంచీ ఎక్కించారు. ప్లాస్టిక్ కుర్చీలు, అందరికీ నారింజ రంగు జాకెట్లు. అక్క మూటను జాకెట్ లోపల పెట్టి బిగించుకుంది. గైడు ముప్పై ఏళ్లవాడు, రాజమండ్రి వైపు మాట. మైకు పట్టుకుని రాములవారు ఎక్కడ నడిచారో, సీతమ్మ ఎక్కడ చీర ఆరేసుకుందో చెప్పుకొచ్చాడు. అందరూ దండాలు పెట్టారు, మేమూ పెట్టాం. దేవుడితో నాకు తగాదా లేదు. ఆ తర్వాత వాడు చెయ్యి ఒడ్డు మీదికి చాపి అన్నాడు.

"ఫ్రెండ్స్, ఇక్కడి నుంచి మనిషి అడుగు పెట్టని అడవి మొదలవుతుంది. అప్పట్లో ఇక్కడ జంతువులు తప్ప ఎవరూ ఉండేవారు కాదు!"

నేను లేచాను. అక్క నా అంగీ పట్టి లాగింది, అయినా లేచాను.

"ఎవరూ లేరా? మా అక్క గీడ కాపురం చేసింది. జంతువా మా అక్క?"

లాంచీ అంతా గొల్లుమంది. గైడు చిన్నబుచ్చుకోలేదు. "కూర్చోండి తాతగారూ, బోటు ఊగితే జంతువులూ మనమూ ఒక్కటే అవుతాం" అన్నాడు. మళ్లీ నవ్వు. వాడు వెంటనే ఏదో సినిమా పాట పెట్టాడు. నా మాట పాట కింద పడిపోయింది. నాకు చరిత్ర తెలుసు, కాపురాలు తెలుసు, ఎవరి పొలం ఎక్కడుండేదో తెలుసు. మైకు మాత్రం వాడి చేతిలో ఉంది.

అక్క పక్క కుర్చీలో ఖమ్మం నుంచి వచ్చిన ఒకామె. మొగుడికి మార్కెట్లో మిర్చి వ్యాపారం అని ఆమే చెప్పింది. మంచి మనిషి. బత్తాయి ఒలిచి అక్క చేతిలో పెట్టబోయింది.

"తీస్కో అవ్వా, మొగం పాలిపోయింది."

"ఒద్దు బిడ్డా."

"షుగరా?"

"కాదు. ఒక మొక్కున్నది. అది తీరేదాక తినేది లేదు."

"మొక్కయితే పొద్దున రాముని కాడనే తీర్సుకోకపోయినవా?"

"నా మొక్కు ఆయన కాడ గాదు. నా మొగని కాడ."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఓ అవ్వా! మొగనికి మొక్కుతరా? మా ఆయనకు ఒక్కపారి మొక్కిన్నంటే నెత్తినెక్కి దిగడు." వెనక కుర్చీలోని మొగుడు "ఇప్పుడేమన్న దిగనిచ్చినవా?" అన్నాడు. మా అక్క కూడా నవ్వింది. ఎన్నాళ్లకో చూశాను ఆమె పళ్లు.

మలుపు తిరగ్గానే నవ్వు ఆపి లేచి నిలబడింది. పక్కకు వంగిన గుట్ట ఎదురైంది. దాని కింద ఊరుండాల్సిన చోట నీళ్లు, నీళ్లలోంచి ఎండిన చెట్ల కొనలు. "లెఫ్ట్ సైడ్ చూడండి, చాలా మంచి ఫోటో!" అంటున్నాడు గైడు. అందరూ ఎడమ పక్కకు వచ్చేసరికి లాంచీ కొంచెం ఒరిగింది. అక్క చెట్ల కొనలకేసి చూడటం లేదు. వాటి వెనక, నీళ్లకు పైన, మిట్ట బోడిగా ఉంది. మిట్ట మునగలేదు. దాని మీద ఒక్క రాయి కూడా లేదు. నేల మీద గుంటలున్నట్టు నాకు కనిపించింది. గుంటల్లో గడ్డి మొలిచింది.

"ఇదే మిట్ట. రాళ్లేవి తమ్మీ?"

నేను లాంచీ నడిపే సరంగు దగ్గరికి పరుగెత్తాను. "ఆపు బాబూ, ఇదే మా రాళ్ల కాడ."

"ఈడ రేవు లేదు తాతా. రాళ్ల స్టాపు ముంగటున్నది. ఇంక జరంత దూరం."

అది అక్క విన్నది. "మా మిట్ట ఎనకకు పోతాంది గదా, మా రాళ్లు ముంగట యాడుంటయ్?" అంది. అప్పటికి నాకు అర్థమయింది.

ముందు రేవులో వెదురు గుడిసెలు వేశారు. బొంగులో చికెన్ కాల్చి అమ్ముతున్నారు. గుడిసెల ముందు అర్ధచంద్రంలా, కాళ్లకు సిమెంటు పోసి, రాళ్లు. తెల్ల సున్నం, దాని మీద ఎర్ర గీతలు, చుక్కలు. నడుమ గుండె బొమ్మ ఆకారంలో ఇనుప చట్రం, అందులో తల పెట్టి ఫోటో దిగాలి. కొట్టువాడు అబద్ధం చెప్పలేదు. అందరూ అక్కడే దిగారు.

మా అక్క ఇసుకలో చెప్పులు విడిచి రాళ్లలోకి నడిచింది.

మా రాళ్ల మీద రాత ఉండదు. పేరు ఉండదు. ఒక రాయి ఎవరిదో తెలిసేది దాని పక్కనున్న రాయిని బట్టి. తండ్రి పక్కన పెద్దకొడుకు, వాడి పక్కన తమ్ముడు, కొంచెం ఎడంగా మేనత్త. పొద్దు పొడిచే దిక్కుకు మొగాలు. మా బావ రాయి వాళ్ల నాయన రాయికీ, చిన్నప్పుడు పోయిన తమ్ముడి రాయికీ నడుమ ఉండేది. వరుస చెడగొడితే రాయి రాయే. అక్కడ మా అక్క ఊరి రాళ్లే కాదు, ఒడ్డున మునిగిన ఊళ్లన్నిటివీ కలిపి, పొట్టివి ముందు, పొడుగువి వెనక, ఫోటోకు కుదిరేట్టు పేర్చారు. బళ్లో పిల్లలను నిలబెట్టినట్టు.

ఆమె ఒక్కో రాయి చుట్టూ తిరిగింది. ఏటేటా నూనె, పసుపు రాసిన చేతులు కదా, తడిమితే తెలుస్తుందనుకుంది. సున్నం మందంగా ఉంది. గోటితో గీకింది. ఎత్తును, అంచులను బట్టి ఒక్కోటీ కాదనుకుంటూ పోయి, చివరికి రెండు రాళ్ల నడుమ కూలబడింది.

"ఈ రెండిట్ల ఒకటి తమ్మీ. ఏదో తెలుస్తలేదు."

"రెండిటికీ పెట్టక్కా. ఆయనకు అందుతది, ఇంకొకాయన కూడా తింటడు. పోయేదేమున్నది?"

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "సదువుకున్నవు, గిదేనా తెలిసింది? వేరే గట్టోనికి నా చేత్తోని కొత్తవెడితే నేను వాని ఇంటిదాన్నయిత. రేపు సచ్చి పోయినంక నా మొగడు రానిస్తడా నన్ను? ఎవతివే నువ్వు అంటడు."

గైడు వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. వాడి మొహంలో ఎకసక్కెం లేదు. "ఏదో ఒకదానికి పెట్టేయమ్మా. అందరూ మీవాళ్లే కదా."

"కొడకా, నీ నాయన ఆకలితోని ఉంటే పక్కింటాయన విస్తట్ల అన్నం పెట్టి వస్తవా?"

నేను ఊరుకోలేదు. "ఏ రాయి ఏ ఊరిదో గుర్తు పెట్టుకుని తేవాలని ఒక్కనికన్న తోచలేదా? మట్టి తవ్వే మిషన్‌తోని పీకిండ్రా? సమాధి తవ్వితే జైల్లో ఏస్తరు, ఇది తవ్వితే టికెట్టు అమ్ముతరా?" అని అరిచాను.

"నేను పనిలోకి వచ్చేసరికే ఇలా ఉన్నాయి తాతగారూ. నీళ్లలో పోకుండా కాపాడారని చెప్పమన్నారు, చెప్తున్నాను."

ఆ మిట్ట మునగలేదు. వాడికి చూపించాలని వెనక్కి చెయ్యి చాపాను. మలుపు అడ్డమొచ్చింది, మిట్ట కనిపించలేదు.

ఖమ్మం ఆమె గుడిసె వైపు నుంచి వచ్చింది. ఏం జరిగిందో ఆమెకు తెలియదు. రెండు రాళ్ల నడుమ, చేతిలో మూటతో కూర్చున్న మా అక్కను చూసి ఫోను తీసింది. "అవ్వా, గట్లనే కూసో, మస్తుగున్నది. ఒక్క ఫోటో." మా అక్క కదలలేదు. ఆమె ఫోటో తీసుకుంది. ఆ ఫోటో ఎవరి ఫోనులోనో ఇప్పటికీ ఉండి ఉంటుంది. ఆ రెండు రాళ్లలో ఒకటి మా బావ అయితే, పెళ్లాం మొగుడు కలిసి దిగిన ఫోటో వాళ్లకు అదొక్కటే.

హారన్ కొట్టారు. మూట విప్పకుండానే లాంచీ ఎక్కాం.

తిరిగి వచ్చేటప్పుడు మిట్ట ముందు ఆపమని సరంగు కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. పాపం, ఇంజను తగ్గించాడు. "కింద మాన్లున్నయ్ తాతా. ఒడ్డుకు పోతే ఫ్యాను ఇరుగుతది, గింతమంది పానాలు నా మీదున్నయ్." అబద్ధం కాదు. ఆ మాన్లు ఎవరి వాకిట్లోవో కూడా నాకు తెలుసు. జరిగింది తెలుసుకున్న ఖమ్మం ఆమె కళ్లు తుడుచుకుంటూ వచ్చి అక్క భుజం పట్టుకుంది.

"అవ్వా, గోదారి తల్లిల ఏసెయ్. ఆ తల్లే అందిస్తది."

మా అక్క నీళ్లకేసి చూసింది. "ఈ నీళ్లే గద బిడ్డా ఊరును మింగినయ్. దీని చేతికిస్తే ఆయనకిస్తదా?"

బోడి మిట్ట వెనక్కి పోయింది. గైడు మైకు ముట్టలేదు. ఎవరో పాట పెట్టమన్నారు. కాసేపాగి పెట్టాడు.

ఇంటికొచ్చాక మూట విప్పితే చిక్కుళ్లు వాడి ముడుచుకున్నాయి. అక్క వాటిని పారెయ్యలేదు. ఈనెలు తీసి నా కోడలికిచ్చి వండమంది. కంచం నా ముందు పెట్టి, తనే వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

"తిను తమ్మీ. నీ గట్టు వేరు. నీ రాళ్లు యాడున్నయో నీకు తెలుసు."

తిననని అన్నాను. అన్నం మీద ఒట్టు పెట్టింది. తిన్నాను. ఆమె ఉప్పు, చింతపండు పులుసు కలుపుకుని తన అన్నం తను తిన్నది. కూర బాగుందా అని అడిగింది. బాగుందన్నాను.

ఆ తర్వాత నేను అర్జీలు రాశాను. పెద్ద ఆఫీసులకు పోయాను. రాళ్లను గుర్తు పట్టడానికి ఏం ఆధారం ఉందని ఒకాయన అడిగాడు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండేదో మా అక్క చెప్తుందన్నాను. పక్కన ఉండటం ఆధారం ఎట్లా అవుతుందన్నాడు. ఇంకొకాయన, పెద్ద చదువు చదివినవాడు, కాలనీలో ఎట్లాగూ కొత్త రాయి ఉంది కదా, దానికి పెట్టమనండి అన్నాడు. నేను చదివిన పుస్తకాల్లో వాళ్లకు చెప్పదగ్గ జవాబు ఒక్కటీ దొరకలేదు. ఇన్నేళ్లు అక్షరాల వెంట పడి ఏం సంపాదించానో నాకు తెలియదు.

ఇప్పుడు మామిళ్లు పూతకొచ్చాయి. అక్క వాపు మోకాళ్ల పైకెక్కింది. మంచం దిగడం లేదు. డాక్టరమ్మ గోలీలు మార్చింది. నిన్న పొద్దున పూత వాసనకు మొగం అటు తిప్పుకుని, నన్ను దగ్గరికి రమ్మంది.

"తమ్మీ, నేను పోయినంక నాకు రాయి పెట్టకు."

"గదేం మాట అక్కా. పెట్టకుంటనా?"

"పెడ్తవు. ఎవని పక్కన పెడ్తవు?"

లేచి వాకిట్లోకి వచ్చాను. కంచె మీద చివరి చిక్కుళ్లు ముదిరి ఎండుతున్నాయి, కోయమని కోడలికి చెప్పడానికి నాకు మనసు రాలేదు.